రెండూ ఉన్న ఒక్క లైను కోసం

నవ్వకుండా వింటానంటేనే చెప్తాన్రా. పోయిన ఆదివారం సంతకాలు పెట్టి పెట్టి నా వేళ్లు వంకర్లు పోయేయి. అంతా స్వయంకృతం!

మన చోడవరంలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ తెలుసు కదా. ఆర్నెల్ల కింద అక్కడ కోర్సు పూర్తిచేసి వెళ్లిపోయింది సత్యవతి, చీడికాడ అమ్మాయి. అప్పట్నుంచీ ఆ మూడో సిస్టమ్ ముందు ఇంకెవరు కూర్చున్నా నాకు చిరాకే. ఒక్కసారి చూడాలి, నాలుగు మాటలు మాట్లాడాలి. అంతేరా! వచ్చే నెల వాళ్లు విశాఖపట్నం మారిపోతున్నారని తెలిసేక ఇక ఆగలేకపోయేను.

ఉపాయం తట్టింది. 'మీ సర్టిఫికెట్ మీద ఇన్‌స్ట్రక్టర్ సంతకం తక్కువైంది, ఆదివారం పదింటికి రండి' అని ఉత్తరం. అడ్రసులన్నీ యూనిక్స్ మెషీన్లో ఒక ఫైల్లో ఉన్నాయి, మనిషికో లైను. సత్యవతులు బోలెడుమంది. అందుకని పేరూ ఊరూ రెండూ ఉన్న లైను వెతకమని ఈగ్రెప్ అనే కమాండు కొట్టేను. సత్యవతి, మధ్యలో నిలువుగీత, చీడికాడ. వచ్చింది వచ్చినట్టు ఉత్తరాల్లోకి ఎక్కించి ప్రింట్ ఇచ్చేను. ప్రింటర్ కిర్రుమంటుండగానే నేనెక్కాల్సిన బుచ్చయ్యపేట బస్సు హారన్! "కాంతమ్మగారూ, కాస్త పోస్టు చేసీండి" అని ఆఫీసు చూసే ఆవిడకి చెప్పి పరిగెత్తేను.

ఆదివారం వెళ్తే మెట్ల కింద వరకూ జనం! ఆ గీతకి 'రెండూ ఉండాలి' అని కాదురా అర్థం, 'ఏదున్నా సరే' అని. రావికమతం సత్యవతి, చంటిబిడ్డతో మాడుగుల సత్యవతి, ఇక చీడికాడ నుంచి వచ్చి చదివినవాళ్లందరూ!

"ఇదేటి మాస్టారూ, మా ఊరోళ్లకే సంతకాలు తక్కువైపోనాయా?" అని ఒకాయన గొడవ.

"నలభై కవర్లు ఒక్కదాన్నే అతికించేను బాబూ," అంది కాంతమ్మగారు.

నిజం ఎలా చెప్తాను? తలొంచుకుని మొదలెట్టేను. ముందు సత్యవతుల్ని ఏరి, వాళ్లలోంచి చీడికాడని ఏరితే, అంటే గ్రెప్ మీద గ్రెప్ కొడితే, ఒక్క లైనే వచ్చేదని అప్పుడు తట్టింది. ఏం లాభం! కాగితం రావడం, సంతకం, "నెక్స్ట్!" ఇదే పని. మొహాలు చూడ్డం కూడా మానేసేను.

మధ్యలో ఎవరో "బాగున్నారా మాస్టారూ?" అన్నారు.

"ఆఁ, బాగున్నామండీ. నెక్స్ట్!"

వెనకావిడ కాగితం పెట్టేక వెలిగింది, ఆ గొంతెవరిదో. తలెత్తేసరికి సత్యవతి మెట్లు దిగిపోతోంది.

ఆర్నెల్లు ఎదురుచూసి, మనిషి ఎదురుగా వచ్చి నించుంటే, నెక్స్ట్ అన్నాన్రా!