ఊదు పొగ మీదికి నెట్టిన తప్పు

1945 ఎండాకాలంలో నేను జహీరాబాద్‌లో ఒక ఫొటో స్టూడియోలో ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం, కోహీర్ నుంచి వచ్చిన ఒక ఇంటివాళ్లకు తెలిసి తెలిసి అబద్ధం చెప్పాను. నా చేతిపనిలోని లోపాన్ని ఆ ఇంటి కోడలి మీదికి నెట్టాను. స్టూడియో పని ఎలా జరిగేదో ముందు కొంత చెప్పాలి. లేకపోతే ఆ అబద్ధం నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చిందో చదివేవారికి అర్థం కాదు.

అప్పటి స్టూడియోల్లో పనిని బట్టి హోదాలుండేవి. కెమెరా దగ్గర నిలబడేవాడు ఆపరేటర్. నెగటివ్ మీద సన్నటి పెన్సిలుతో ముఖపు మచ్చలు సరిదిద్దేవాడు రీటచర్. చీకటి గదిలో ఉండేవాడు ప్రింటర్. హైదరాబాద్‌లో ప్రింటర్‌గా మొదలుపెట్టిన నాకు జహీరాబాద్ వచ్చేసరికి మూడు పనులూ మీద పడ్డాయి. నా పైన ఉన్నది యజమాని ఖాదర్ సాబ్ ఒక్కరే.

స్టూడియోకు కరెంటు లేదు. నెగటివ్ గాజు పలక మీద ఉండేది. కాగితాన్ని దానికి ఆనించి చెక్క ఫ్రేములో బిగించి, కిటికీ రెక్క కాసేపు తెరిచి వెలుగు చూపించి మూసేవాళ్లం. ఎర్ర అద్దం లాంతరు కింద దాన్ని డెవలపర్ అనే మందులో వేస్తే బొమ్మ తేలేది. తర్వాత హైపో అనే ద్రావణంలో ఉంచి, కాగితం పూతలో వెలుగు తగలని వెండి ఉప్పును కరిగించి తీసేయాలి. ఆ హైపోను కూడా కాగితంలో మిగలకుండా మంచినీళ్లతో కడిగేయాలి. హైపో పాతదైనా, కడగడం తక్కువైనా ఆ రోజుకు ఫొటోలో ఏ లోపమూ కనిపించదు. ఏడాదికో రెండేళ్లకో బొమ్మలోని నలుపు పసుపుగా మారి పలచబడుతుంది. గిరాకీ చేతికి ఫొటో ఇచ్చేటప్పుడు ఆ సంగతి తెలిసినవాడు ప్రింటర్ ఒక్కడే.

యుద్ధం వల్ల హైపో దొరకడం కష్టమైంది. 1943 వేసవిలో ఖాదర్ సాబ్ సరుకు కోసం బొంబాయి వెళ్తూ, తాను తిరిగి వచ్చేదాకా ప్రింట్లు ఆపమన్నారు. గిరాకీలు రోజూ వచ్చి గుమ్మంలో నిలబడేవారు. "ఫొటో దిగినంక ముసలోళ్లమైనం, ఇగ ఇస్తవా?" అని ఒకాయన ఎగతాళి చేశాడు. నాకు రోషం వచ్చింది. నురుగు కట్టిన పాత హైపోలోనే ప్రింట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి తీసేశాను. బావి అడుగంటిందని కడగడమూ తగ్గించాను. కోహీర్‌లో జామతోట ఉన్న ఈరప్ప, అతని భార్య మానెమ్మ కలిసి దిగిన ఫొటో వాటిలో ఒకటి. ఫ్రేములకు అద్దాలు కూడా దొరకని కాలమది. వాళ్ల నెగటివ్‌నే వేడి సోడా నీళ్లలో నానబెట్టి, పైపొర గీకేసి, ఆ గాజునే వాళ్ల ఫొటోకు అద్దంగా బిగించి ఇచ్చాను. అప్పుడు అది తెలివైన పని అనుకున్నాను.

ఆ తర్వాతి వానాకాలంలో మానెమ్మ జ్వరంతో పోయింది. ఈరప్ప న్యాల్‌కల్ దగ్గరి సంగమ్మను రెండో పెళ్లి చేసుకున్నాడు. ఆ ఇంట్లో పోయిన భార్యకు ఊదు, అంటే సాంబ్రాణి, వేసి మొక్కిన తర్వాతే కొత్త భార్య అన్నం ముట్టాలి. మొక్కడానికి వాళ్లకున్నది ఆ ఫొటో ఒక్కటే.

1945లో ఈరప్ప, సంగమ్మ, ఈరప్ప తల్లి బాలమ్మ స్టూడియోకు వచ్చారు. బాలమ్మ చీరపేలికలో చుట్టిన ఫ్రేము విప్పి బల్ల మీద పెట్టింది. ఈరప్ప ముఖం చెక్కుచెదరలేదు. మానెమ్మ ముఖం మాత్రం లేత పసుపుకు తిరిగి కాగితంలో కలిసిపోతోంది. హైపోలో పేర్చినప్పుడు ఆ సగం ఇంకో ప్రింటు కింద పడి ఉంటుందని చూడగానే తెలిసింది.

"మొగని మొఖం గట్లనే ఉన్నది, దాని మొఖమే పోతున్నది," అంది బాలమ్మ. "జర మంచిగ చూసి చెప్పు ఫొటో సాబ్. ఈ కోడలు వచ్చినంకనే గిట్లయింది. ఏం రుద్దింది దీనికి?"

"నేనేం రుద్దలేదన్నా," అంది సంగమ్మ నా వైపే చూస్తూ. "పొద్దుగాల ఊదు వేస్త, మొక్కుత. గంతే."

ముగ్గురూ నా మాట కోసం చూస్తున్నారు. బయట ఇంకో ఇద్దరు గిరాకీలు వింటున్నారు. హైపో సంగతి చెబితే 1943 వేసవిలో నేనిచ్చిన ప్రింట్లన్నీ బల్ల మీదికి వస్తాయి. "ఊదు పొగ తగిలితే గిట్లనే అయితది" అన్నాను.

బాలమ్మ కోడలి వైపు తిరిగింది. "విన్నవా? పొగ బెట్టి పోగొట్టినవ్. మొక్కుతున్ననని మాకు చెప్పుకుంట, దాని మొఖం కనవడకుంట చేసినవ్." ఫ్రేమును మళ్లీ పేలికలో చుట్టింది సంగమ్మే.

వాళ్లు వెళ్లాక అటకమీది పెట్టె దించాను. అదే వేసవిలో చేసి, గిరాకీలు తీసుకుపోని ప్రింట్లు కొన్ని అందులో ఉన్నాయి. ఊదు, దీపం ఏమీ తగలని ఆ ప్రింట్లలో కూడా అక్కడక్కడా పసుపు మొదలైంది. ఆ రోజు నుంచి స్టూడియో తలుపు చప్పుడైతే చాలు, ఎవరో ఫ్రేము పట్టుకుని వచ్చారనిపించేది. అయినా నోరు విప్పలేదు.

సంత రోజు ఈరప్ప ఒక్కడే వచ్చాడు. తమ నెగటివ్ ఉన్న పాత గాజు పలక ఉంటే ఇంకో ఫొటో తీసి ఇమ్మని అడిగాడు. "మా అమ్మ న్యాల్‌కల్‌కు కబురు వెట్టింది సాబ్. ఎల్లుండి సంగమ్మ నాయన వస్తున్నడు, తోలుకపోనీకి. చేతబడి జేసిందని ఊరంత అంటున్నరు. గీ ఫొటో మంచిగైతే అమ్మ జర చల్లబడతది." ఆ పలక మీ ఫ్రేముకే అద్దమైందని అతనికి చెప్పలేకపోయాను. చూస్తానని పంపించి, ఖాదర్ సాబ్ దగ్గరికి వెళ్లి మొదటి నుంచి అన్నీ చెప్పాను.

ఆయన పెట్టెలోని ప్రింట్లు ఒక్కొక్కటే తీసి చూశారు. "అరే మియా, హైపో ఖరాబైతే పారబోస్తం," అన్నారు. "నీ జబాన్, గీ నాలుక ఖరాబైతే ఏడ పారబోయాలె?" తర్వాత పని చెప్పారు. కెమెరాలో పెట్టే మామూలు గాజు ప్లేటుకు నీలం వెలుగే తెలుస్తుంది, పసుపు దానికి నలుపుతో సమానం. కాబట్టి మన కంటికి వెలిసిపోయిన పసుపు గీతను ఆ ప్లేటు చిక్కటి గీతగా పట్టుకుంటుంది. పూర్తిగా పోకముందే కాపీ తీస్తే ముఖం దక్కవచ్చు. ఆ సైజు ప్లేటు స్టూడియోలో ఒక్కటే మిగిలి ఉంది. అదిచ్చి, ముందు కోహీర్ వెళ్లి నిజం చెప్పమన్నారు.

ఈరప్ప చెప్పిన ఆ రోజునే పొద్దుటి రైలుకు వెళ్లాను. సంగమ్మ తండ్రి అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఆమె బట్టల మూట గడప పక్కన ఉంది. పెట్టెలోని ప్రింట్లు అందరి ముందూ పరిచి, తప్పు నా మందుదని, ఊదుది కాదని, నేను అబద్ధం చెప్పానని అన్నాను. బాలమ్మ నమ్మలేదు. "మొన్న ఒకటి, ఇయ్యాల ఒకటి. కోడలు నీ దగ్గరికొచ్చి ఏడ్చిందా?" కాపీ తీస్తాను, ఫొటో ఇమ్మన్నాను. "ఆ మిగిలింది గూడ పోగొడతవా? నేనియ్య."

సంగమ్మ లోపలికి వెళ్లి ఫ్రేము దించుకొచ్చి నా చేతిలో పెట్టింది. "పోతే నా మీదికే వస్తది. వచ్చేదేదో వచ్చింది. తీస్కపో," అంది. సాయంత్రం బండికి తిరిగి వస్తానని చెప్పాను. అప్పటిదాకా ఆగుతానన్నాడు ఆమె తండ్రి.

స్టూడియోలో ఫ్రేము వెనక మేకులు తీసి చూస్తే మానెమ్మ చెంప దగ్గర కాగితం అద్దానికి అంటుకుని ఉంది. లాగితే చిరుగుతుంది. అద్దంతోనే కాపీ తీయాలి, కానీ అద్దంలో కెమెరా నీడ పడుతుంది. కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్స్ మట్టుకు రంధ్రం ఉంచి, పక్క కిటికీల వెలుగులో తీశాను. ప్లేటు డెవలపర్‌లో వేశాక ఖాదర్ సాబ్ తొట్టి అందుకుని తనే ఆడించారు. మొదట ఈరప్ప తలపాగా వచ్చింది. పక్క సగం ఖాళీగానే ఉంది. అలా చాలాసేపు ఉంది. తర్వాత కమ్మలు, ముక్కు, నుదురు నెమ్మదిగా కట్టుకున్నాయి. కొత్త హైపో కలిపి, చేదిన నీళ్లన్నీ ఆ ఒక్క ప్రింటుకే వాడాను. పాత ఫొటోను నీళ్లలో నానబెట్టి అద్దం నుంచి విడదీస్తే చెంప పొర కొంత గాజుకే ఉండిపోయింది.

సాయంత్రం రెండూ పట్టుకుని వెళ్లాను. బాలమ్మ కొత్తదాన్ని దీపం దగ్గర పెట్టుకుని చూసింది. "ముక్కుపోగు గూడ కనవడుతున్నది," అంది కొడుకుతో. తర్వాత పాతదాన్ని చూపించి ఈ చెంప ఎవరు పోగొట్టారని అడిగింది. నేనేనన్నాను. "పొగ గాదు గదా?" కాదన్నాను. ఆమె కోడలిని ఏమీ అనలేదు, మంచిమాటా అనలేదు. సంగమ్మ తండ్రి మాత్రం లేచి, మూట తీసి లోపల పెట్టి, ఒక్కడే స్టేషన్‌కు నడిచాడు.

వాకిట్లో సంగమ్మ నాతో అన్నది ఒకటే మాట. "ఆ దినమే చెప్తే అయిపోతుండె గదన్నా."

1943 వేసవి ప్రింట్లు తీసుకున్నవాళ్లు గుర్తున్నంతమేర కోహీర్, మొగుడంపల్లి, న్యాల్‌కల్ ఊళ్లకు సెలవు రోజుల్లో తిరిగాను. ప్రతి ఇంట్లో ముందు నా తప్పు చెప్పి, ఆ తర్వాత ఫొటో అడిగేవాణ్ణి. బాగున్నవాటిని మళ్లీ హైపోలో వేసి కడిగి ఇచ్చాను, వెలిసినవాటికి కాపీ తీశాను. ఊదు గురించి నేనన్న మాట అప్పటికే ఊళ్లలో పాకి, కొన్ని ఇళ్లలో ఫొటోల ముందు ఊదు మానేశారు. వేసుకోవచ్చని చెప్పాను. కొందరు వేశారు. కొందరు ఫొటో సాబ్ అప్పుడు చెప్పిందే నిజమన్నారు.

ఉద్యోగం మానేదాకా మూడు పద్ధతులు తప్పలేదు. ప్రతి ప్రింటునూ వరసగా రెండు హైపోల్లో వేసేవాణ్ణి, రెండోది ఎప్పుడూ కొత్తది. ఎవరి నెగటివ్ గాజునూ వాళ్లను అడగకుండా గీకలేదు. చెడిన ఫొటో ఎవరు తెచ్చినా, వాళ్లింట్లో ఏం చేశారని అడగడానికి ముందు, అది చేసిన రోజు నేనేం చేశానో గుర్తు తెచ్చుకునేవాణ్ణి. మొగుడంపల్లిలో ఒక ఇంటివాళ్లు మాత్రం ఫొటో ఇవ్వలేదు. ఇంకా ఏమీ కాలేదు కదా, అయినప్పుడు చూద్దామన్నారు. అయ్యేదాకా ఆగవద్దని చెప్పడానికి ఆ ఇంటికి చాలాసార్లు వెళ్లాను.