శాలువా కింద ఎడమచేయి

అల్లి ముగించిన మేజోడును చూసి, దాన్ని అల్లినది ఏ చేయో చెప్పగలమా? యాభై దాటిన ఒటీలీ రెంకెన్‌కు అంతకుముందెప్పుడూ రాని సందేహమిది. 1918లో, అయోవా మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊళ్ళో వచ్చింది.

దేశాలు తిరిగినవాళ్ళకు తెలుస్తుంది, దారం పట్టుకునే తీరుకు కూడా సరిహద్దులుంటాయని. పోర్చుగల్‌లో దాన్ని మెడ చుట్టూ తిప్పుకుంటారు. జర్మనీ తీరంలో పుట్టి పసితనంలోనే ఓడెక్కి వచ్చిన ఒటీలీ, నాయనమ్మ నేర్పినట్టు ఉన్నిదారాన్ని ఎడమచేతి చూపుడువేలికి చుట్టుకునేది. ఊళ్ళో మిగతా ఆడవాళ్ళు కుడిచేత్తో సూది మీదుగా వేసేవాళ్ళు. ఇన్నేళ్ళూ ఆమె వేగం చూసి ముక్కున వేలేసుకున్నారే తప్ప ఇంకేమీ పట్టించుకోలేదు. జర్మనీతో యుద్ధం వచ్చాక మాత్రం ప్రతిదాని మీదా జనం కన్ను పడింది. చర్చిలో జర్మన్ ప్రసంగం ఆగిపోయింది. పులియబెట్టిన క్యాబేజీకి ఉన్న జర్మన్ పేరును అంగడివాడు మార్చేశాడు. రొట్టెలు కాల్చే జర్మన్ ముసలాయన తలుపు మీద ఎవరో పసుపు రంగు కుమ్మరించి పోయారు. ద్రోహి అనడానికి అది గుర్తు. చివరికి ఆ చూపులు ఒటీలీ ఎడమచేతి మీదా వాలాయి.

ప్రతి గురువారం చర్చి కింది గదిలో ఆడవాళ్ళు చేరి సైనికులకు మేజోళ్ళు అల్లేవారు. అక్కడ పెత్తనం బ్యాంకు మేనేజరు భార్య మిసెస్ హాల్‌స్టెడ్‌ది.

"మిసెస్ రెంకెన్, ఏమీ అనుకోకండి. ఇక్కడ మనవాళ్ళ పద్ధతిలోనే అల్లాలి. కష్టమైతే ఇంట్లో అల్లి పంపండి," అంది ఆవిడ.

ఇంట్లో కూర్చుంటే ఎలా? ఒటీలీ కొడుకు హార్మ్ ఫ్రాన్సులో ఉన్నాడు. ఉత్తరాలు రాసే రకం కాదు. అదే దళంలో ఉన్న కుర్రాళ్ళ ఉత్తరాలను వాళ్ళ తల్లులు ఈ గదిలోనే పైకి చదివేవారు. కొడుకు బతికున్నాడో లేడో ఆమెకు తెలిసే చోటు అదొక్కటే.

అందుకే కుడిచేతికి మారింది. దారం జారేది, అల్లిక వదులయ్యేది.

"ఇది మేజోడా, చేపల వలా?" అంది పక్కన కూర్చునే నోరా డెలాహంటీ. ఐర్లండు నుంచి వచ్చిన వితంతువు, నోటికి తాళం లేని మనిషి. "మీ వాడి బొటనవేలు బయటికొచ్చి ఆఫీసరుకి సెల్యూట్ కొడుతుంది చూడు."

"నవ్వు, నవ్వు. నీకేం, నీ చేతులు ఇక్కడివి."

"నా చేతులూ ఓడ దిగినవే తల్లీ. కాకపోతే ఎవరూ అడగలేదు."

అప్పుడు పుట్టింది ఆ సందేహం. ఇంట్లో పాత పద్ధతిలో ఒక మేజోడు అల్లి, కుడిచేతి మేజోడు పక్కన పెట్టి తిప్పి తిప్పి చూసింది. ఒకటి నున్నగా ఉంది, ఒకటి ఎగుడుదిగుడుగా ఉంది. అంతకుమించి తేడా కనబడలేదు. గురువారం రెండూ తీసుకెళ్ళి కుప్పలో వేసింది.

మిసెస్ హాల్‌స్టెడ్ ఒక్కొక్కదానిలో చేయి దూర్చి చూస్తూ ఒకటి పక్కన పడేసింది. "ఇదెవరిది? మడమ బొబ్బలెక్కుతుంది. విప్పేయండి."

"నాదే. మీరు చెప్పిన పద్ధతిలోదే," అంది ఒటీలీ. "ఇప్పుడు మీ చేతిలో ఉన్నదీ నాదే. అది మీరు వద్దన్న పద్ధతి."

మిసెస్ హాల్‌స్టెడ్ ఆ మేజోడును లోపలికీ బయటికీ తిరగేసింది, దాంట్లో జర్మనీ ఎక్కడుందో వెతుకుతున్నట్టు. దొరకలేదు. అయినా అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. "చూసినవాళ్ళు ఏమనుకుంటారు, మిసెస్ రెంకెన్? నా బాధ అదీ."

నోరా తన శాలువా తీసి ఒటీలీ ఒడిలో, చేతుల మీదుగా పరిచింది. "చలేస్తోందన్నావు కదూ?"

బయట జూన్ ఎండ మండిపోతోంది. మిసెస్ హాల్‌స్టెడ్ శాలువా వంక చూసింది, కిటికీ వంక చూసింది. "అవును, ఈ గదిలో గాలి ఎక్కువే," అని నున్నటి మేజోడును మంచివాటి మీద పెట్టింది.

ఆ వేసవంతా ఒటీలీ చెమటలు కక్కుతూ శాలువా కిందే అల్లింది. ఆగస్టులో ఒక గురువారం, ఒకావిడ తన కొడుకు ఉత్తరం చదువుతోంది: "వానకు కందకాల్లో నీళ్ళు నిలిచాయి. రెంకెన్ తన పొడి మేజోళ్ళు నాకిచ్చేసి, తడివి తను తొడుక్కున్నాడు. వాళ్ళమ్మ అల్లినవట."

శాలువా కింద సూదులు ఆగిపోయాయి.

నోరా మోచేత్తో మెల్లగా పొడిచింది. "అల్లవే, ఒటీలీ. వాడి దగ్గర ఇప్పుడు పొడివి లేవుగా."