మార్తమ్మ క్యారేజీలో నా ఉపవాసం

పదిమందిలో పరువు పోగొట్టుకోవడం ఎలాగో ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే నా దగ్గరికి రండి, ఫీజు లేకుండా నేర్పుతాను. నా పరువు అలా ఇలా పోలేదు. గుడిలో, అంటే మా చర్చిలో, చాపల మీద కూర్చున్న అరవైమంది ఆడవాళ్ళ మధ్య, ఒక పాటకీ ఒక ప్రార్థనకీ నడుమ పోయింది. దానికి కారణం శత్రువులు కాదు, సాతానూ కాదు. వెల్లుల్లి కారం.

డెబ్బైల మొదట్లో మాట. నాకు పందొమ్మిదేళ్ళు. తిరువూరు బస్టాండుకి నాలుగడుగుల దూరంలో మా ఇల్లు. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేదని నన్ను బడికి పంపలేదు. బడిపంతులైన మా నాన్నే ఇంట్లో తెలుగూ లెక్కలూ బైబిలు వాక్యమూ నేర్పారు. ఆ చదువిచ్చినందుకు దేవుడికి ఈ రోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను. చదువులో లోపం లేదు. కాకపోతే ఆ తరగతికి నేనొక్కదాన్నే కాబట్టి ఎప్పుడూ నేనే ఫస్టు. ఆ అలవాటు కొద్దీ, ఊళ్ళో కూడా నాకన్నా తెలివైనవాళ్ళు లేరనుకునేదాన్ని.

ఆ క్రిస్మస్‌కి బెజవాడ నుంచి మా పెద్దమ్మ కూతురు సరోజ వచ్చింది. వెదురుబద్దకి చీర చుట్టినట్టుంది మనిషి. నన్ను ఎగాదిగా చూసి, "నీ జాకెట్టు కుట్టిన టైలరు చాలా ధైర్యవంతుడే కరుణా" అంది. వెళ్తూ వెళ్తూ ఓ వారపత్రికలోంచి చించిన కాగితం నా చేతిలో పెట్టింది. ఏ తిండిలో ఎన్ని క్యాలరీలో రాసిన పట్టీ అది. అప్పటిదాకా నేను ఇడ్లీని ఇడ్లీగానే చూశాను. ఆ రోజు నుంచి అంకెలా కనిపించడం మొదలుపెట్టింది. సరోజ రోజంతా మజ్జిగ తేటతోనూ రెండు జామకాయలతోనూ గడుపుతుందట. కళ్ళు తిరగవా అని అడిగితే, "తిరుగుతాయి, అదే అలవాటవుతుంది" అంది, అదేదో డిగ్రీ అయినట్టు.

ఆ పట్టీ మా ఇంట్లో పెద్ద రభస తెచ్చింది. కాగితంలో అబద్ధమేమీ లేదన్నారు నాన్న. అన్నం ఓ గరిటె తగ్గించి, కూర ఓ గరిటె పెంచి, సాయంత్రం గంట నడిస్తే ఏడాదిలో ఒళ్ళు దానంతటదే సర్దుకుంటుందన్నారు. నానమ్మకి ఆ గరిటె తగ్గించడం కూడా గిట్టలేదు. తిండి లేక మాడినవాళ్ళని చూసిందట గానీ, తిండి ఎదురుగా పెట్టుకుని మాడేవాళ్ళని ఇప్పుడే చూస్తోందట. నాకు ఇద్దరి మాటా రుచించలేదు. ఏడాది ఎవరాగుతారు? ఈస్టర్ ఆరాధనలో తెల్లచీర కట్టుకుని పాట పాడాలి. ఆ రోజుకి నేను వెదురుబద్దనై తీరాలి.

సరిగ్గా అప్పుడే ఈస్టర్‌కి ముందొచ్చే శ్రమల దినాలు వచ్చాయి. నలభై రోజులు మధ్యాహ్నం అన్నం మానేసి ఉపవాసం ఉంటానని ప్రకటించాను. నాన్న కళ్ళు తుడుచుకున్నారు. నానమ్మ మాత్రం చేటలో బియ్యం ఏరడం ఆపి అడిగింది.

"దేవుడి కోసమా, అద్దం కోసమా?"

"అదేం మాట నానమ్మా" అని కళ్ళు మూసుకున్నాను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను మోకాళ్ళూని మరీ మూసుకున్నాను.

మొదటి వారం నిజంగానే మాడాను. మధ్యాహ్నం మంచినీళ్ళు, సాయంత్రం పట్టీ చూసుకుని పిచ్చుక తిన్నంత. దువ్వెన నిండా జుట్టు. చదివిన వాక్యమే మూడుసార్లు చదివినా తలకెక్కేది కాదు. ఉపవాసంలో మనసు దేవుడి మీదికి పోవాలి. నాది అటక మీది జంతికల డబ్బా మీదికి పోయేది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని సామెత. ఆ అమ్మకి కనీసం దృష్టి స్వర్గం మీద ఉంది. నాకు ఉట్టి మీదే.

ఇక్కడ మా గుడి పద్ధతి ఒకటి చెప్పాలి. శ్రమల దినాల్లో ఉపవాసమున్నవాళ్ళు తాము మానేసిన అన్నాన్ని లేనివాళ్ళకి పంపాలి. ఎవరి అన్నం ఎవరికో పాస్టరుగారి భార్య, మేమంతా అమ్మగారు అనే ఆవిడ, నిర్ణయిస్తారు. నా అన్నం మార్తమ్మకి పడింది. ఊరి చివర పేటలో ఉంటుంది, మూడో కాన్పు బాలింత. మొగుడు గంపలగూడెం వైపు మిరప కోతలకి పోయాడు. తను పనికి పోలేదు. నా మధ్యాహ్నం అన్నమే ఆమె మధ్యాహ్నం అన్నం, వేరే లేదు.

బాలింత అనేసరికి నానమ్మ చేతికి పూనకం వచ్చింది. వేడన్నం, వేయించి దంచిన వెల్లుల్లి కారం, బీరకాయ కూర, పైన నెయ్యి. మూడు గిన్నెల క్యారేజీ. దాన్ని పట్టుకుని ఎండలో, ఖాళీ కడుపుతో, మైలు దూరం నడవాలి నేను. ఎలుకని కొబ్బరిచిప్పకి కాపలా పెట్టడమే తప్పంటారు. ఇక్కడ ఎలుక చేతికే చిప్పనిచ్చి, జాగ్రత్తగా చేర్చమ్మా అని పంపారు.

తొమ్మిదో రోజున కల్వర్టు మీద కూర్చున్నాను, కూర కారిందేమో చూద్దామని. కారలేదు. ఉప్పు సరిపోయిందో లేదో అని ఒక ముద్ద. కారం ఎక్కువైతే బాలింతకి మంచిది కాదు కదా అని ఇంకో ముద్ద. అలా మార్తమ్మ ఆరోగ్యం మీద బెంగతో సగం గిన్నె ఖాళీ చేశాను. మిగిలిన అన్నాన్ని తాపీమేస్త్రీ గోడ మెత్తినట్టు వేళ్ళతో చదును చేసి మూతపెట్టాను.

ఆ సిగ్గుకి సాయంత్రం పిచ్చుక తిన్నంత కూడా తినలేదు. తినకపోతే మర్నాటికి ఆకలి రెట్టింపు, కల్వర్టు మీద ముద్దలు రెట్టింపు, సాయంత్రానికి సిగ్గు రెట్టింపు. ఇలా ఎందుకైందో ఆ పట్టీలో ఏ గడిలోనూ రాసి లేదు.

గుడిలో మాత్రం నా పేరు మారుమోగిపోయింది. ఉపవాసమున్నవాళ్ళ మొహాలు వాడిపోతాయి గానీ కరుణ మొహం చూడండి, దీపం పెట్టినట్టుందని ఆడవాళ్ళు చెప్పుకున్నారు. అది నానమ్మ నెయ్యి అని వాళ్ళకేం తెలుసు.

నాలుగో వారంలో అమ్మగారు ఇంటికొచ్చారు. మార్తమ్మ బిడ్డకి పాలు చాలడం లేదని, పసిది తూకం పెరగలేదని నర్సమ్మ చెప్పిందట. నానమ్మ రోషంతో ఊగిపోయింది. ఇద్దరు కూలీలకి సరిపోయే అన్నం పంపుతున్నానని, రేపటి నుంచి నాలుగు గిన్నెల క్యారేజీ పంపుతానని చెప్పింది. నేను తలుపు వెనక నిలబడి, ఇంక ఆ కల్వర్టు మీద కూర్చోనని దేవుడికి మాటిచ్చాను. మాట నిలబెట్టుకున్నాను కూడా. మర్నాడు కూర్చోలేదు, నిలబడే తిన్నాను.

ఆ రోజు మార్తమ్మ మూత తీసి చాలాసేపు చూసింది.

"అన్నం మీద ఈ గీతలేంటి అమ్మాయిగారూ, కోడి కెలికినట్టు?"

"దారిలో కుదుపులకి" అన్నాను.

"నడిచేగా వచ్చారు?"

ఆమె ఒళ్ళో బిడ్డ ఏడుస్తోంది. దాని మణికట్టు నా చిటికెన వేలంత ఉంది. ఆ ఏడుపు వినపడలేదని అబద్ధం చెప్పను. వినపడింది. రెండు రోజులు చెయ్యి పెట్టలేదు. మూడో రోజు మళ్ళీ పెట్టాను. నవ్వుతూ చెబుతున్న ఈ కథలో నాకు నవ్వురాని చోటు అదొక్కటే.

నలభయ్యో రోజు ఆడవాళ్ళ ఉపవాస కూటం. అమ్మగారు నన్ను లేపి సాక్ష్యం చెప్పమన్నారు. తరగతిలో ఫస్టు వచ్చేదాన్ని, ఊరుకుంటానా? శరీరాన్ని ఎలా జయించాలో పావుగంట చెప్పాను. మధ్యాహ్నం మెతుకు ముట్టలేదన్నాను. తెల్లచీర మీదికి కుట్టించిన జాకెట్టు ఊపిరాడకుండా బిగించేస్తోంది. క్రిస్మస్‌కన్నా నేను ఒళ్ళు చేశానని దానికీ నాకూ మాత్రమే తెలుసు. అందరూ స్తోత్రం అన్నారు. నానమ్మలూ అమ్మమ్మలూ కళ్ళొత్తుకున్నారు.

అప్పుడు వెనక చాప మీంచి మార్తమ్మ లేచింది, బిడ్డని భుజానేసుకుని.

"అమ్మగారూ, నేనూ ఒక సాక్ష్యం చెప్పుకోవాలండి. మాలాంటోళ్ళకి ఉపవాసాలంటూ వేరే ఉండవు, పని లేని రోజే మా ఉపవాసం. కానీ ఈ ఏడు దేవుడు నాకూ ఆ భాగ్యం ఇచ్చాడండి. కరుణమ్మగారు నలభై రోజులు మొదలెట్టారు గదా, ఎండలో ఒక్కరే మొయ్యలేకపోయారు పాపం. అందులో సగం ఉపవాసం రోజూ మధ్యాహ్నం మా ఇంటికి క్యారేజీలో పంపించారు. ఆవిడ మిగిల్చింది నేనూ నా బిడ్డా పూర్తి చేశామండి."

ముందు అర్థమైంది నానమ్మకి. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్విన నవ్వుకి తక్కిన యాభైతొమ్మిది మందికీ అర్థమైంది. నేను కూలబడ్డాను. జాకెట్టు హుక్కులు రెండు తెగి ఎటో పోయాయి. ఏడుస్తూ అంతా ఒప్పుకున్నాను, ముద్దల లెక్కతో సహా.

మర్నాటి నుంచి నేను మధ్యాహ్నం ఇంట్లో నాన్న పక్కన కూర్చుని కడుపునిండా తిన్నాకే క్యారేజీ నా చేతికొచ్చేది. వానలు పడేలోపు ఆ బిడ్డ బుగ్గలు పూరీల్లా పొంగాయి. ఆ వేసవిలోనే సరోజని ఆసుపత్రిలో గ్లూకోజు సీసాకి తగిలించారు. అంతవరకూ దాన్ని అందరూ ఎంత నాజూకో అని మెచ్చుకున్నవాళ్ళే. నన్ను పట్టించినట్టు పట్టించేవాళ్ళు దానికి ఎవరూ లేకపోయారు. నాకు మార్తమ్మనిచ్చినందుకు దేవుడికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే.

కాబట్టి, అరవైమంది సాక్షుల పేరు మీద, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఉపవాసమంటూ ఉంటే నా కడుపుతోనే ఉంటాను, ఇంకొకరి కడుపుతో ఉండను.