చెరువు గట్టున బొట్టంత బటను

ఒక్క బటనుతో రెండెకరాల చెరువును ముంచిన మనిషిని మీరు చూసి ఉండరు. నేనే ఆ మనిషిని. వేలైనా పెట్టలేదండి, అది ఎలా ఉండాలో చెప్పానంతే.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకుంటున్న రోజులవి. గుణింతాలు పూర్తయ్యేసరికి భీమవరం చుట్టుపక్కల నా అంత తెలివైనది లేదనిపించింది. అప్పుడే మా రొయ్యల చెరువులో నీళ్ళు చిలికి గాలందించే చక్రాలు పెట్టించాం. వాటి కరెంటు పెట్టె బిగించడానికి మెకానిక్ సత్తిబాబు వచ్చాడు.

"బటన్లు ఎలా పెట్టమంటారండి?" అని మా ఆయన్ని అడిగాడు. జవాబు నేనిచ్చాను.

"నడిపేది ఎర్రగా, పెద్దగా, గుండ్రంగా, మా అత్తగారి బొట్టులా నట్టనడుమ ఉండాలి."

"ఎరుపు ఆపడానికండి అక్కగారూ! నడపడానికి ఆకుపచ్చ."

"శుభమైన రంగు ఆపడానికా? దీపం ఆరిందని కూడా అనం, కొండెక్కిందంటాం. పొద్దున్నే ఆపే బటను మొహం చూడమంటావా? దాన్ని చిన్నగా, ఆకుపచ్చగా, ఓ మూలకి తోసెయ్."

"పోనీ కింద పేర్లైనా రాయిస్తానండి."

"నూనె చేతులు పడేచోట అక్షరాలా? సరస్వతయ్యా!"

సత్తిబాబు మా ఆయన వంక చూశాడు. ఆయన ఆకాశం వంక చూశారు.

"ఆయ్, మీ ఇష్టమండి."

నా బొట్టు బటను మూడు నెలలు రాజ్యమేలింది. ఇంకో పది రోజుల్లో రొయ్యలు పట్టి అమ్ముతామనగా నా అక్షరాల పరీక్ష వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి, ఊరంతా తడిగుడ్డ కప్పుకున్నట్టుంది. మా ఆయన మేత కోసం భీమవరం వెళ్ళారు. చెరువును మరిది వెంకట్రావుకు అప్పగించాను.

"మబ్బురోజు చక్రాలు ఆగితే రొయ్యకు ఊపిరాడదు. కరెంటు పోయి వస్తే మళ్ళీ బటను నొక్కాలి, తెలిసిందా?"

"రైసుమిల్లులో పదేళ్ళ నుంచి నొక్కుతున్నాను వదినా. నాకు చెప్పాలా?"

నేను తిరిగొచ్చేసరికి, కరెంటు పోయి వచ్చిందట, చక్రాలు కదలడం లేదు. గట్టు వెంబడి రొయ్యలు తేలి ఉన్నాయి. వెంకట్రావు మూలనున్న ఆకుపచ్చ బటనును పొడుస్తూనే ఉన్నాడు.

"ఎర్రది నొక్కలేదేంటయ్యా!"

"అంతెర్రగా, అంత పెద్దగా ఉంటే, ముట్టుకుంటే ఏం ఆగిపోద్దోనని భయమేసింది వదినా! గంట నుంచీ దీన్నే నొక్కుతున్నాను."

ఎర్రది నొక్కాను. చక్రాలు తిరిగాయి, చచ్చిన రొయ్యల్ని తిప్పుతూ. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. సగానికి పైగా పోయాయి.

మా ఆయన వచ్చి గట్టు మీద కూలబడ్డారు. తిట్టి ఉంటే బాగుండేది. "పరీక్ష ఎలా రాశావు?" అన్నారు. బాగానే రాశానన్నాను. ఆ ఏడాది మా ఇంట్లో గట్టెక్కింది ఆ పరీక్ష ఒక్కటే.

మర్నాడు సత్తిబాబు పెట్టె మార్చాడు. నడిపే ఆకుపచ్చది పైన, ఆపే ఎర్రది పుట్టగొడుగులా ఉబ్బి కింద. పేర్లు నా చేతే రాయించాడు.

శుక్రవారం, మిగిలిన రొయ్యలైనా బతకాలని పెట్టెకు పూజ చేశాను. మా ఆయన వచ్చి చూశారు.

"ఏమేవ్, ఆకుపచ్చ బటనేదీ?"

చూద్దును కదా, మొక్కుకుంటూ మొక్కుకుంటూ దాని నిండా కుంకుమ అద్దేశాను. రెండూ ఎరుపే! కింద అక్షరాలు పసుపులో మునిగిపోయాయి.

అందుకే గోదావరి తల్లి సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో ఏ బటను రూపం, రంగు, చోటు జోలికీ పోను. బొట్టు పెట్టక తప్పకపోతే మా ఆయనకే పెడతాను. ఆయన్ని నడిపే బటను ఎక్కడుందో నాకిప్పటికీ తెలియలేదు కాబట్టి, ప్రమాదమేమీ ఉండదు.