ఆషాఢంలో అద్దె గది

శ్రావణ శుద్ధ విదియ, గురువారం, ఉదయం ఎనిమిదిన్నర. విదేశీ విద్యార్థినుల హాస్టల్ వరండాలో థోకో నిలబడి ఉంది. ఒంటి మీద కొత్త చీర, చీర కింద క్యాన్వాసు బూట్లు, నుదుట పెద్ద కుంకుమ బొట్టు. చేతుల్లో ఒక పళ్లెం. అందులో అరటిపళ్లు, జాకెట్టు గుడ్డ, పసుపుకొమ్ములు, చలివిడి ముద్ద. ఆటోవాడు దింపిపోయిన పెట్టె పక్కనే ఉంది. ఆ పిల్ల కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఇంట్లోంచి తనని పంపేశారని, చదువు చాలించి దేశం వెళ్లిపోతానని, అందుకు ఏ సంతకాలు కావాలో చెప్పమని ఇంగ్లీషులో అంది.

అప్పుడు నేను ఆ హాస్టల్ కేర్‌టేకర్‌ని. శ్రీకాకుళం జిల్లాలో హైవేకీ సముద్రానికీ మధ్య ఉన్న విశ్వవిద్యాలయం అది. తెలియనివాళ్ల కోసం మా వరసలు చెబుతాను. పైన వార్డెన్ ఉంటుంది. ఆవిడ ప్రొఫెసరు, పాఠాలు చెప్పుకుంటూ హాస్టల్‌ని అదనంగా చూస్తుంది. సంతకం ఆవిడది. కింద కేర్‌టేకర్. తాళాలు, బల్బులు, జ్వరాలు, ఏడుపులు ఇవన్నీ నావి. నేను అక్కడ ఊడ్చే మనిషిగా చేరాను. నలభై దగ్గర పడ్డాక హాస్టల్ పిల్లల దగ్గరే అక్షరాలు దిద్దుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. కనక ఇందులో సొగసు వెతక్కండి. జరిగింది రాస్తాను.

థోకోది ఆఫ్రికాలో మలావి దేశం. అవతలి ఒడ్డు కనపడనంత పెద్ద సరస్సు పక్కన వాళ్ల ఊరు. అక్కడ మన నెత్తళ్లలాంటి చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతారట. ఎండు చేప పురుగు పట్టకుండా ఆడవాళ్లు ఏం చేస్తారన్నది ఆ పిల్ల పీహెచ్‌డీ. అందుకే అంత దూరం నుంచి మన తీరానికి వచ్చింది.

బయటి దేశం పిల్లకి గది కుదర్చడం మనవాళ్లకి కుదిర్చినట్టు కాదు. వచ్చిన కొద్ది రోజుల్లోనే ఫలానా చోట ఉంటున్నానని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. గది ఇచ్చినవాళ్లు కూడా ఒక రోజులోపల సి-ఫారం అని ఒకటి పంపాలి, మా ఇంట్లో ఫలానా దేశం మనిషి ఉందని. పోలీసులకి వెళ్లే కాగితం అనగానే సగం మంది ఇంటివాళ్లు తలుపు వేసేస్తారు. మిగిలిన సగం మందిని ఆషాఢం ఆపేస్తుంది. మన చదువులు మొదలయ్యేదీ, ఈ పిల్లలు విమానం దిగేదీ సరిగ్గా ఆ నెలలోనే. ఆషాఢంలో ఎవరూ కొత్త ఇంట్లో పాలు పొంగించరు, ఎవరినీ పొంగించనివ్వరు. ఏటా ఇదే నా తలనొప్పి.

హాస్టల్‌లోనే ఉంచేద్దును. కానీ ఆ పిల్ల గదిలో ఎండు చేపల సంచులుంటాయి, పక్క గదుల వాళ్లు ఊరుకోరు. చేపలు ఎండబెట్టే వీలున్న చోట కాకుండా ఇంకెక్కడున్నా తన పని సాగదు. పని సాగకపోతే వాళ్ల దేశం ఇచ్చే స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. అదీ పరిస్థితి.

థోకోని తీసుకుని తిరిగింది నేనూ, అదే డిపార్టుమెంటులో చదివే రాజాం అమ్మాయి సునీతా. ఇంగ్లీషు సునీతది, బేరం నాది. థోకో గది చూసే పద్ధతి నేనింకెక్కడా చూడలేదు. గోడలు చూడదు, కుళాయి తిప్పి చూడదు. చెప్పులు విప్పి గచ్చు మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకుంటుంది. గదిని చెవితో చూడాలని వాళ్ల అమ్మమ్మ నేర్పిందట. ఇంటివాళ్లు నా మొహం వంక చూసేవారు. నేను సీలింగు ఫ్యాను వంక చూసేదాన్ని.

టౌనులో రిటైరైన నర్సు మరియమ్మగారి మేడ మీద గది చూశాం. వాళ్లది బాప్టిస్టు చర్చి, ఆషాఢం పట్టింపు లేదు. థోకో కూడా చర్చికి వెళ్లే పిల్లే. వార్డెన్ వెంటనే సరే అనేసింది. థోకో పడుకుంది, లేచింది. గది మంచిదేగానీ రోడ్డు మీద లారీల చప్పుడుకి తనకి నిద్ర పట్టదంది. మరియమ్మగారు కూడా మొహమాటం లేకుండా, మేడ మీద చేపలు ఎండెయ్యనివ్వనని చెప్పేశారు.

ఆ మధ్యాహ్నమే సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేటకి వెళ్లాం. వాన తెరిపి ఇచ్చింది. ఇసక మీద వలలు పరిచి నెత్తళ్లు పోశారు. మబ్బు వెలుగులో అవి ఉన్నాయో, ఇసకే మెరుస్తోందో తెలియదు. చేపల వ్యాపారం చేసే అప్పలనరసమ్మ తన ఇంటి వెనక గది చూపించింది. థోకో పడుకుంది. కెరటం వచ్చి వెనక్కి పోయే చప్పుడు గచ్చు కిందనుంచి వస్తున్నట్టుంది. సునీత గోడకి జారబడి కునుకు తీసింది. అప్పలనరసమ్మ తాటాకు విసనకర్ర ఊపుతూ ఊపుతూ ఆపేసింది. నేను నిద్రపోయానో లేదో నాకే తెలియదు. ఎప్పుడో పోయిన మా అమ్మ ఆ గుమ్మంలో కూర్చుని చేపలు ఏరుతున్నట్టు, నన్ను పలకరించకుండానే గంప ఎత్తుకుని లేచి వెళ్లిపోయినట్టు అనిపించింది. కళ్లు తెరిచేసరికి థోకో లేచి కూర్చుని, ఈ గదే అంటోంది.

"గది నచ్చితే ఏటి లాభం? ఆషాఢం గదా. శ్రావణంలో రండి," అంది అప్పలనరసమ్మ.

అంతవరకు ఆగితే నమోదు గడువు దాటిపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆవిడ కాసేపు విసనకర్రతో వీపు గోక్కుని, "అద్దెకైతే ఆషాఢం అడ్డొస్తాది. ఆషాఢంలో ఆడపిల్ల పుట్టింటికి రాదేటి? దానికి పాలు పొంగించాలేటి? నా కూతురనుకుంటాను, ఉండమను. అద్దె శ్రావణం నుంచి సూసుకుందుము," అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ నిన్ను కూతురిగా ఉంచుకుంటానందని సునీత థోకోకి చెప్పింది. సి-ఫారం నేనే దగ్గరుండి పంపించాను. ఆ నెలంతా థోకో కబురు చేపల గంపలతో పాటే వచ్చేది. పేటలో చేపలు తిరగేస్తోందని, మబ్బు పడితే అందరికంటే ముందు లేస్తోందని, అప్పలనరసమ్మని వాళ్ల భాషలో అమాయి, అంటే అమ్మ, అని పిలుస్తోందని.

ఆ తరవాతే ఈ గురువారం.

సునీత కబురందుకుని వచ్చింది. పళ్లెం చూసి తల పట్టుకుంది. ఆషాఢంలో పుట్టింటికి వచ్చిన పిల్లని శ్రావణంలో ఉంచుకోరు. సారె పెట్టి సాగనంపాలి. అప్పలనరసమ్మ పద్ధతి ప్రకారమే పంపింది. మర్నాడు శుక్రవారం పాలు పొంగించి అద్దె మనిషిగా మళ్లీ రమ్మంటుంది. మనకి ఇందులో చెప్పేదేం లేదు గనక ఎవరూ ఆ పిల్లకి చెప్పలేదు.

"అయితే ఆ పేట పుట్టిల్లు, మన హాస్టలు అత్తోరిల్లు. అత్తగారు మీరేనేటి, మేడమ్?" అన్నాడు సెక్యూరిటీ సింహాచలం.

"నోరుమూసుకుని పెట్టె లోపల పెట్రా," అన్నాను.

సునీత అంతా విడమరిచి చెప్పింది. థోకో ఏడుపు ఆపింది గానీ మొహం తేటపడలేదు. "నన్ను కూతురన్నారు. కూతుర్ని పంపేస్తారా?" అని అడిగింది. వాళ్లలో పెళ్లయినా కూతురు తల్లి ఊళ్లోనే ఉంటుందట, మొగుడే ఆ ఊరు వస్తాడట. కూతుర్ని పంపడమంటే బంధం తెంపుకోవడమేనట.

ఇంతలో మరిది ఎర్రయ్య బండి మీద అప్పలనరసమ్మే వచ్చింది, చేతిలో చేపల పులుసు క్యారియర్‌తో. అద్దె పిల్ల రేపు వస్తుందో రాదో అడిగి పోదామని.

"ఓలమ్మ! సారె పెట్టి పంపితే ఏడుస్తన్నాదేటే?"

థోకో వాళ్ల ఊరి సంగతి సునీత చెప్పింది. ఆవిడ నోరు తెరుచుకుని విని, "మగోడ్నే పంపుకుంటారా? అదే బాగున్నాది గదే! ఒరే ఎర్రయ్యా, ఇన్నావా?" అంది. ఎర్రయ్య బండి తుడుచుకుంటూ విననట్టే ఉన్నాడు.

థోకో ఒక్కటే అడిగింది, సునీత దాన్ని తెలుగులో చెప్పింది. రేపటి నుంచి తను ఆ ఇంట్లో ఎవరు? కూతురా, అద్దెకున్న మనిషా?

అప్పలనరసమ్మ కొంగు సర్దుకుంది. "అద్దెకున్న మనిషే," అంది. "కూతురంటే ఏటేటా ఇలాగే పంపాల, నా సేతుల్లో లేదు. అద్దెకున్నోళ్లని ఆషాఢమొచ్చినా శ్రావణమొచ్చినా ఎవులూ పంపరు. తాళం దాని దగ్గరే ఉంటాది."

"అయితే అద్దెకే ఉంటాను," అంది థోకో.

దేశం వెళ్లే సంతకాల మాట మళ్లీ ఎత్తలేదు. వాళ్లు నలుగురూ వరండాలోనే చేపల పులుసుతో అన్నం తిన్నారు. ఆ రాత్రికి థోకో హాస్టల్‌లో పడుకుంది గనక రూలు ప్రకారం నేను సి-ఫారం పంపాను. మర్నాడు అప్పలనరసమ్మ ఇంకోటి పంపింది. ఒక్క రాత్రికి ఈ మార్పులేమిటని స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. వివరంగా చెప్పాను. కానిస్టేబులు కొత్తగా పెళ్లైనవాడేమో, వెంటనే అర్థం చేసుకున్నాడు. థోకో చదువు అయ్యేదాకా ఆ గదిలోనే ఉంది.

దీని తర్వాత గది కుదిర్చేటప్పుడు నేను పని తీరు మార్చుకున్నాను. గది, నీళ్లు, గేటు వేసే వేళ మాట్లాడాక ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఈ మనిషి మీ ఇంట్లో ఎవరిగా ఉంటుందని అడిగేదాన్ని. కూతురని, చెల్లెలని ఎవరైనా అంటే, కూతుర్ని మీ ఇంట్లో ఏం చేస్తారు, ఎప్పుడు పంపుతారు, అదీ చెప్పించేదాన్ని. వరస ప్రతి ఊళ్లోనూ ఉంటుంది, దాని లెక్క ఊరికొకటి. అద్దె లెక్క మాత్రం ఎక్కడైనా ఒకటే. పరాయి చోట బతకడానికి వచ్చిన మనిషికి ముందు అది కావాలి. మిగతాది వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు.

ఆ గురువారం ఆ వరండాలో ఉన్నవాళ్లం: థోకో, సునీత, అప్పలనరసమ్మ, ఆవిడ మరిది ఎర్రయ్య, సెక్యూరిటీ సింహాచలం, నేను పైడమ్మ.