ముప్పైరెండు అంగలు

నేను ప్రొద్దుటూరులో సోషల్ టీచర్ని. భూమి గుండ్రంగా ఉండి తన చుట్టూ తాను తిరుగుతోంది కాబట్టి, ఉత్తరార్ధగోళంలో పారే నీరు కుడివైపుకు ఒరుగుతుందని, నది కుడి ఒడ్డునే కాస్త ఎక్కువ కోస్తుందని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ బలం చాలా చిన్నదని, వేల ఏళ్లకు గానీ కనబడదని కూడా చెబుతాను. ఆ రెండో మాటే నా కొంప ముంచింది.

జమ్మలమడుగు అవతల, పెన్న కుడి ఒడ్డున మా సమాధుల తోట ఉంది. అమ్మ అక్కడే ఉంది. ఆమె మీది నాపరాళ్లు నాయనే చెక్కి పరిచాడు. పక్కనే, ఏటి వైపు, తన కోసం చోటు వదులుకున్నాడు. ఏటా నవంబరులో వచ్చే సమాధుల పండుగకు సున్నం కొట్టి కొవ్వొత్తులు వెలిగించాక, అమ్మ తలాపు నుంచి గట్టు దాకా అంగలు వేసి లెక్కపెడతాడు. మా ఇంట్లో పొలమైనా, సమాధైనా టేపు పట్టి కొలిచింది లేదు. ఇంటి పెద్ద అంగే కొలత.

"ముప్పైరెండు మ్మా. పోయినేడూ ఇంతే, అంతకు ముందూ ఇంతే. ఏరు యాడికీ రాలే," అనేవాడు.

"వేల ఏళ్లు పడుతుంది నాయనా," అనేదాన్ని, అన్నీ తెలిసినదానిలా.

మొన్నటి పండుగకు, వరద తగ్గిన వారానికి వెళ్లాం. నిరుడు గట్టు మీద నిలబడి ఉన్న తుమ్మచెట్టు వేళ్లు బయటపడి ఏట్లోకి వాలి ఉంది. నాకు భయమేసింది. నాయన మాత్రం ఎప్పటిలాగే లెక్క మొదలుపెట్టాడు. వెనకే నడుస్తూ మొదటిసారి ఆయన కాళ్లు చూశాను. ఒక చెప్పుకు ఆనుకునే రెండో చెప్పు పడుతోంది. చిన్నప్పుడు ఆ అంగను అందుకోవాలంటే నేను పరుగెత్తాల్సి వచ్చేది.

"ముప్పైరెండు," అన్నాడు తృప్తిగా.

నేను అమ్మ దగ్గరకు వెనక్కి వెళ్లి, నా అంగలతో గట్టు దాకా వచ్చాను. పదమూడు. భూమి తిరగడం వల్ల కోసిందో, వంపులో వరద కోసిందో నాకు తెలియదు. ఇన్నేళ్లూ ఏరు దగ్గరికొస్తూనే ఉంది. నాయన అంగ కూడా దాంతోపాటే చిన్నదవుతూ వచ్చింది. టీచర్నని విర్రవీగిన నాకు అది కనబడలేదు. నా మీద నాకే అసహ్యమేసింది.

"నీకెంతొచ్చె మ్మా?" అడిగాడు.

కాళ్ల దగ్గర మట్టి పెళ్ల ఒకటి విరిగి నీళ్లలో పడింది. నాయన నా ముఖం చూశాడు, తర్వాత తన కాళ్లు చూసుకున్నాడు. తన కోసం వదులుకున్న చోట మెల్లగా కూర్చున్నాడు.

"మీయమ్మను ఈడ్నుంచి తీసకపోదాం మ్మా, నేనింకా నడిచేటప్పుడే," అన్నాడు.