సలహాదారుకు ఓటు లేదు

ఆ ఆదివారం సాయంత్రం నేనొక తప్పు చేశాను. ఒక అమ్మాయి మా ఇంట్లోంచి లేచి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయేదాకా ఆగాను. ఆ తర్వాత, ఆమెను సంపాదకురాలి పదవి నుంచి తప్పించాలని గదిలో మిగిలిన కుర్రాళ్ళకు చెప్పాను. వాళ్ళు చేతులెత్తారు. అందుకు వాడుకున్న నియమం నేను రాసిందే.

దీన్ని ఇంతకంటే మెత్తగా చెప్పే మార్గాలు నాకు చాలా తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ కార్యాలయాల్లో ఫైళ్ళ మీద నోట్లు రాయడమే నా ఉద్యోగం. అందుకే వెనక్కి తీసుకునే వీలు లేకుండా ముందే చెప్పేశాను.

ఢిల్లీ కాలేజీల్లో చదివే తెలుగు పిల్లలు కొందరు కలిసి నడిపే చిన్న పత్రిక అది. మూడు నెలలకొకసారి వస్తుంది. సంప్రదాయం పక్షాన నిలబడే పత్రికనని దాచుకోదు. దైవభక్తి, కుటుంబం, ఇంటి కట్టుబాటు, పాత పద్యాలు, ఇలాంటివి క్లాసులో ఎత్తితే పక్కవాళ్ళు నవ్వుతున్నారని, తమ మాట చెప్పుకోవడానికి ఒక చోటు కావాలని మొదలుపెట్టారు. మొదటి ఏడాది కొట్లాటలతోనే గడిచింది. ఎవరి గొంతు పెద్దదైతే వాడే సంపాదకుడు. ఒక సంచికకైతే ఇద్దరు చెరొక అట్ట బొమ్మ తయారుచేసి, ఎవరికి వారే ప్రెస్సుకు పంపారు. అప్పుడెవరో వాళ్ళను నా దగ్గరికి తీసుకొచ్చారు. రూల్సు రాయడం వచ్చిన తెలుగు అంకుల్ ఒకాయన సరోజినీ నగర్ క్వార్టర్లలో ఉన్నాడని చెప్పారట.

మా ముందు గదిలో కూర్చుని నియమావళి రాశాం. ఏ వ్యాసం వెయ్యాలో తేల్చేది సంపాదకుడు. ప్రెస్సు, పంపిణీ, సమావేశాల సంగతి చూసేది కార్యదర్శి. డబ్బు కోశాధికారిది. సంపాదకుణ్ణి మార్చాలంటే వారం ముందు నోటీసివ్వాలి, అతని మాట వినాలి, హాజరైనవాళ్ళలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. ఇక సలహాదారు. అది నాకోసం పెట్టిన పదవే. సలహాదారుకు ఓటు లేదు. అడిగితేనే మాట్లాడాలి. ఏదైనా వ్యాసం నచ్చకపోతే అభ్యంతరం రాసివ్వాలి. దాన్ని వ్యాసానికి ఎదురు పేజీలో వేస్తారు. అంతే.

ఆ రోజు వాళ్ళకొక మాట చెప్పాను. పెద్దవాడు చెప్పిందల్లా ఒప్పేనని సంప్రదాయం అనదు, పెద్దవాణ్ణి కూడా కట్టేసే కట్టుబాటు పేరే సంప్రదాయం అన్నాను. పిల్లలు శ్రద్ధగా రాసుకున్నారు. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

కానీ చివర్లో ఇంకో నియమం చేర్చాను. అత్యవసరమైతే సలహాదారు అంగీకారంతో నోటీసు గడువునూ, మాట వినడాన్నీ సడలించవచ్చు అని. ఎవరూ అడగలేదు. మా ఆఫీసుల్లో ఏ రూల్సు చూసినా చివర సడలింపు అధికారం ఒకటి ఉంటుంది. అది లేకపోతే నా చేతికి రాత పూర్తయినట్టు ఉండదు.

ఈ ఏడాది సంపాదకురాలు చరిత్ర చదివే మూడో సంవత్సరం అమ్మాయి. కోస్తా వైపు క్రైస్తవ కుటుంబం. తల్లి నర్సు. అమ్మాయి లక్ష్మీ నగర్‌లో ఒక పీజీ హాస్టల్లో ఉంటుంది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్ళి, సాయంత్రం మా ఇంట్లో సమావేశానికి వచ్చేది. ఆ పీజీ గేటు ఎనిమిదింటికి మూసేస్తారు. మెట్రో మారి, అక్కణ్ణించి నడిచి వెళ్ళాలి కాబట్టి ఆరున్నరకే లేచేది. ఇంకో అమ్మాయి కూడా ఆమెతోనే లేచేది.

ఆమె రాసిన సంపాదకీయం ఆ గేటు గురించే. అది ఎత్తేయమని రాయలేదు. అలా రాసి ఉంటే ఖండించడం నాకు సులువయ్యేది. రాత్రిపూట వేళకు ఇల్లు చేరడం మంచి అలవాటే అయితే దాన్ని ముందు కొడుకులకు నేర్పాలనీ, కొడుకులకు అక్కర్లేనిది కూతుళ్ళకు కట్టుబాటెలా అవుతుందనీ, అది తాళం మాత్రమేననీ రాసింది. ‘రాత్రి చెడ్డదైతే ఆసుపత్రులు పొద్దుగూకగానే మూసెయ్యాలి. మా అమ్మ నా చిన్నప్పటినుంచీ నైట్ డ్యూటీ చేస్తోంది. తెల్లవారి ఇంటికొచ్చి, మోకరించి ప్రార్థన చేసుకుని పడుకునేది’ అని ఒక చోట ఉంది. చదివి బాగుందనుకున్నాను. చివరి పేరా చదివాక చెవులు వేడెక్కాయి. ‘మన పత్రికలోనూ ఇదే తీరు. ఆరున్నరకు మేము లేస్తాం. అసలు నిర్ణయాలు మేము వెళ్ళాకే జరుగుతాయి’ అని ఉంది. ఎవరి ఇల్లో రాయలేదు. రాయనక్కర్లేదు.

ఆ ఆదివారం సమావేశంలో ఆ పేరా ఒక్కటి తీసెయ్యమని ఆమెను అడిగాను. చక్కగా నవ్వింది.

“మీ అబ్జెక్షన్ రాసివ్వండి అంకుల్, ఎదురు పేజీలో వేస్తాను. రూలు మీరే రాశారు కదా.”

నేనూ నవ్వాను. నవ్వుతూనే గోడ గడియారం చూశాను. తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, ఆ చూపు దగ్గరే ఆగిపోతున్నాను. మిగతాదంతా కోపం అని సరిపెట్టుకోవచ్చు. గడియారం చూడటం కోపం కాదు.

ఆరున్నరకు అమ్మాయిలిద్దరూ లేచారు. మా ఆవిడ సంపాదకురాలి చేతిలో కందిపొడి డబ్బా పెట్టింది. మెట్ల మీద చప్పుడు ఆగాక నేను మొదలుపెట్టాను. ఈ వ్యాసం బయటికొస్తే తల్లిదండ్రులు ఆడపిల్లల్ని పత్రికకు పంపరనీ, ఇంతకాలం నిలబెట్టుకున్న పేరు పోతుందనీ, ఇంకో సంపాదకుణ్ణి పెట్టుకోవడం మంచిదనీ చెప్పాను. నన్నెవరూ అడగలేదు. అడిగితేనే మాట్లాడాలన్న నియమం ఆ గదిలో ఎవరికీ గుర్తు రానట్టే ఉంది. కార్యదర్శి కరీంనగర్ కుర్రాడు. వాడు మాత్రం ఒకసారి తలెత్తాడు.

“వారం ముంగట నోటీసియ్యాలె గద అంకుల్?”

“చివరి నియమం చూడు” అన్నాను. బుధవారం సంచిక ప్రెస్సుకు వెళ్ళాలి కాబట్టి ఇది అత్యవసరమేననీ, నా అంగీకారం ఉందనీ చెప్పాను. వాడు వెతికి, పైకి చదివాడు. చేతులు లేచాయి. ఒక కుర్రాడు అటూ ఇటూ చూసి అందరికంటే ఆఖర్న ఎత్తాడు. విషయం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆమె అప్పటికి మెట్రోలో ఉండి ఉంటుంది. ‘ఠీక్ హై’ అని జవాబు పెట్టింది.

కుర్రాళ్ళు వెళ్ళాక మా ఆవిడ టీ గ్లాసులు తీస్తూ అంది.

“ఆ పిల్ల చెప్పులేసుకునేదాకా ఆగారు కదండీ.”

నియమం ప్రకారమే జరిగిందన్నాను.

“నేనడిగింది రూలు గురించి కాదు” అని గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే వాదించేవాణ్ణి.

సోమవారం ఆఫీసులో నా బల్ల మీద ఒక ఫైలుంది. పైన మా పెద్ద సాహెబు అంటించిన పచ్చ చీటీ. ‘కోయీ రూల్ నికాలియే’ అని. ఏదో ఒక రూలు వెతికిపెట్టండి అని. నిర్ణయం అప్పటికే అయిపోయింది, దానికి సరిపడే నియమం తవ్వి తీయడం నా వంతు. ఇలాంటి చీటీలు నా ఉద్యోగంలో ఎన్ని వచ్చాయో చెప్పలేను. వెతకడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరుతోనే ఈ పిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నిన్న సాయంత్రం కరీంనగర్ కుర్రాడి చేత నేను చేయించింది సరిగ్గా ఇదే. వాడు తలొంచుకుని చివరి నియమం వెతుకుతున్నప్పుడు వాడి ముఖం ఎలా ఉందో నాకు తెలుసు. పాతికేళ్ళ వయసులో నా ముఖం అలాగే ఉండేది.

భోజనాల వేళ వాడికి ఫోన్ చేశాను. నిన్నటి తీర్మానం చెల్లదని, అది అత్యవసరం కాదని, నాకు కోపం వచ్చింది అంతేనని చెప్పాను.

“నాక్కూడ తప్పే అనిపించింది అంకుల్. కని మీరు చెప్పినంక కాదంటమా?”

ఆ మాటలో నిష్ఠూరం లేదు, మర్యాదే ఉంది. పెద్దల మాట వినాలని మా పత్రిక రెండేళ్ళుగా రాస్తోంది. వాళ్ళు విన్నారు. వాళ్ళ వినయాన్ని వాడుకుని వాళ్ళ చేత ఒక స్నేహితురాలి వెనక చేతులెత్తించాను. ఫోన్‌లో వాడికి క్షమాపణ చెబితే కంగారు పడిపోయాడు. “అట్లనకుండ్రి అంకుల్” అంటూనే ఉన్నాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా లక్ష్మీ నగర్ వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద ఇరుకు గల్లీ. మగపిల్లలు మోమోల బండి చుట్టూ నిలబడి పరీక్షల గురించి వాదించుకుంటున్నారు. పీజీలోకి మగవాళ్ళకు ప్రవేశం లేదు. ఇనుప గేటు బయట నిలబడి, కాపలా అతన్ని బతిమాలి కబురు పంపాను. తండ్రివా అని అడిగాడు. కాదన్నాను. మరి ఎవరన్నాడు. సలహాదారునని చెప్పడానికి నోరు రాలేదు. అంకుల్‌నన్నాను. ఈ గల్లీలో అందరూ అంకుల్సే అన్నాడతను హిందీలో, నా వైపు చూడకుండానే.

చాలాసేపటికి ఆమె వచ్చింది. గేటు లోపలే నిలబడింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు కూడా. మెట్రోలో వస్తూ కూర్చుకున్న వాక్యాలన్నీ పోయాయి. నువ్వు వెళ్ళేదాకా ఆగి మాట్లాడానమ్మా, అది తప్పు అన్నాను. ఆ పేరా నా గురించి కాబట్టే కోపం వచ్చిందన్నాను. సలహాదారుగా తప్పుకుంటానన్నాను.

“తప్పుకోవడం ఈజీ అంకుల్.” కాసేపు గేటు గొళ్ళెం వైపు చూసింది. “నన్ను తీసేశారని కాదు. తీసెయ్యండి, మెంబర్లకు ఆ హక్కుంది. నా ముందు తీసెయ్యండి. వారం నోటీసివ్వండి, వస్తాను. ఎవరెవరు చెయ్యెత్తుతారో నేను చూడాలి కదా.”

“అప్పుడు కూడా నిన్ను తీసేస్తే?”

“తీసేస్తే తీసేస్తారు. అచ్ఛా, ఆ అబ్జెక్షన్ మాత్రం మీరు రాయాలి. రాయకుండా పారిపోతానంటే ఎలా?”

నేనేదో చెప్పబోతుంటే కాపలా అతను వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. “టైమ్ హో గయా, అంకుల్‌జీ.” ఆమె పక్కకు జరిగింది. గేటు మూసి తాళం వేశాడు. అవతలి నుంచి ఆమె గొంతు వినిపించింది.

“శనివారం పొద్దున పెట్టండి అంకుల్, మీటింగు.”

మోమోల బండి దగ్గర కుర్రాళ్ళు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాళ్ళనెవరూ లోపలికి పొమ్మనలేదు. ఆడపిల్లలకు గేటుండాలన్న నా అభిప్రాయం ఆ రాత్రితో మారిపోయిందని చెప్పను. కానీ దాని బయట నిలబడి చూడటం అదే మొదటిసారి.

కార్యదర్శి పద్ధతి ప్రకారం నోటీసిచ్చాడు. సంచిక ఆలస్యమవుతుందని ప్రెస్సుకు నేనే చెప్పాను. గడువు దాటాక వచ్చిన శనివారం పొద్దున అందరూ మా ఇంట్లోనే కూర్చున్నారు. అమ్మాయిలిద్దరూ వచ్చారు. మాట్లాడటానికి అనుమతి అడిగాను. సంపాదకురాలే కుర్రాళ్ళ వైపు చూసి, వాళ్ళు తలూపాక, చెప్పండి అంకుల్ అంది. గడియారం చూశానని కూడా చెప్పాను. చివరి నియమం కొట్టెయ్యమని కోరి, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మా ఆవిడ అల్లం, రోలు నా ముందుకు జరిపింది.

అల్లం దంచుతూ కూర్చున్నాను. గదిలో గొంతులు పైకీ కిందికీ పోతున్నాయి. కొంతసేపటికి కార్యదర్శి వచ్చి, ఆమే ఉంటోందని, చివరి నియమం పోయిందని చెప్పాడు. ఆమెకు వ్యతిరేకంగా రెండు చేతులు లేచాయట. ఎవరివని నేనడగలేదు. ఆ రెండు చేతుల వెనక ఆదివారం నేను మాట్లాడిన మాటలున్నాయి. వాటిని తిరిగి తీసుకునే నియమం ఏ నియమావళిలోనూ లేదు.

టీ నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. ఆమె గ్లాసు అందుకుని, అభ్యంతరం ఎప్పుడిస్తారంది. ఆ సాయంత్రమే రాసి పంపాను. బయటి లోకం బాగుపడేదాకా గేటుండటమే మంచిదని, కొడుకులకూ వేళ పెట్టాలన్న మాట మాత్రం ఒప్పుకుంటున్నానని ఒక పేజీ రాశాను. మర్నాడు వెనక్కి వచ్చింది. ‘చివరి పేరా మీద అభ్యంతరం అన్నారు కదా అంకుల్. దాని గురించి ఇందులో ఒక్క ముక్కా లేదు’ అని పైన రాసింది.

నిజమే, లేదు. నోట్ రాయడం తెలిసినవాణ్ణి కాబట్టి దాన్ని ఒడుపుగా దాటేశాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ పేరాలో ఉన్నది నిజమని, ఆ ఇల్లు మాదేనని, ఒక ఆదివారం ఆమె చెప్పులు వేసుకుని మెట్లు దిగేదాకా ఆగానని మొదటి వాక్యాలుగా రాసి, కింద సంతకం పెట్టి, ఎదురు పేజీకి పంపాను.